బల్లి ఎక్కడ పడిందంటారు?

కొత్త పంచాంగం కొన్నారా? కొనగానే ఏ పేజీ తిప్పారో నిజం చెప్పండి. తిథులా? అబ్బే! ముందు ఆదాయ వ్యయాలు. ఆనక, ఎవరూ చూడకుండా, బల్లిపాటు పట్టిక. మా బుచ్చిలోనూ అంతేనబ్బా. (బుచ్చిరెడ్డిపాలెం అని పూర్తిగా పలికే ఓపిక మాకెవరికీ లేదు.)

ఆ ఆదాయ వ్యయాల గళ్ళు ఎప్పుడైనా పరకాయించి చూశారా? 2, 5, 8, 11, 14 తప్ప ఇంకో అంకె రాదు. పైగా మేషానికి ఎంతో వృశ్చికానికీ అంతే, మకరానికి ఎంతో కుంభానికీ అంతే. అధిపతి ఒకడే మరి! 2024లో, క్రోధి నామ సంవత్సరంలో, మకర కుంభాలకు ఆదాయం 14, వ్యయం 14. మా వీధి మకరరాశి వాళ్ళు ఏడ్చారనుకున్నారా? సంబరపడ్డారు. వడ్లమ్మి, ఎరువుల కొట్లో బాకీ తీర్చి, సున్నా దగ్గర ఆగినవాడు మా పక్క మారాజే కదా.

సరే, బల్లి దగ్గరికొద్దాం.

మగవాళ్ళకో పట్టిక, ఆడవాళ్ళకో పట్టిక. మగవాడి తల మీద పడితే కలహం. పై పెదవికీ కలహమే. కింది పెదవికి మాత్రం ధనలాభం! అరంగుళంలో ఎంత తేడా వచ్చిందో చూడండి. మీసం మీద పడితే కష్టమట. మీసం లేనివాడి సంగతేందని సిద్ధాంతిగారిని అడిగా. ఆయన నవ్వి, ఇంకో తమలపాకుకు సున్నం రాసుకున్నారు.

అసలు చిక్కు వేరే ఉంది. బల్లి పడ్డచోట కుదురుగా కూర్చుంటుందా? భుజం మీద పడి, ఒళ్ళోకి జారి, పాదం మీదుగా తుర్రుమంటుంది. ఏది లెక్క? ఇక ఇంట్లో పంచాయితీ. "వీపు మీద పడింది, నేను చూశా" అని ఒకరు. "నువ్వు అటు తిరిగి టీవీ చూస్తున్నావు" అని ఇంకొకరు. పంచాంగానికీ పంచాంగానికీ కాస్త తేడా ఉంటుంది కాబట్టి, రెండు తిరగేసి బాగున్నది ఖాయం చేసుకోవడం తెలివైనవాళ్ళ పద్ధతి.

రెండూ బాగాలేకపోతే? కంచి ఉందిగా! వరదరాజస్వామి గుళ్ళో పైకప్పుకు బంగారు బల్లి, వెండి బల్లి. వాటిని ముట్టుకుంటే దోషం పోతుంది. ఇంకా చవకైన మార్గం, ముట్టుకొచ్చినవాళ్ళను ముట్టుకోవడం. మా వీధిలో ఆ హోదా మా పెద్దత్తది. పప్పన్నం తింటూ ఉన్నా సరే, కుడిచెయ్యి ఎత్తి పట్టుకుని ఎడమచేయి చాపేది. వచ్చినవాళ్ళు తాకి పొయ్యేవాళ్ళు. ఏ ఫీజూ లేదు.

ఈ పిచ్చి మనకొక్కరికే అనుకోకండి. చైనా వాళ్ళ పంచాంగం తుంగ్‌షింగ్‌లో కన్నదిరితే ఏంది, చెవి వేడెక్కితే ఏంది, తుమ్మొస్తే ఏంది అని గంటల వారీగా ఫలితాలుంటాయి. వాళ్ళకు ఎడమకన్నదిరితే డబ్బు, కుడికన్నదిరితే కీడు. మనకేమో మగవాడికి కుడికన్ను మంచిది, ఆడదానికి ఎడమకన్ను. అంటే తెలుగమ్మాయికి చైనా అబ్బాయిని చేస్తే శకునాల్లో పేచీ ఉండదు. నేను సంబంధాలు చూడటంలేదులెండి.

వాళ్ళకూ మన మాదిరే 60 ఏళ్ళ చక్రం. 2026 ఉగాదికి మనది పరాభవ, వాళ్ళది అగ్నిగుర్రం. అంతకుముందు ఈ జంట కలిసింది 1966లో. అదే చక్రం పాటించే జపాన్‌లో, అగ్నిగుర్రం ఏట పుట్టిన ఆడపిల్ల మొగుణ్ణి మింగుతుందని భయపడి, ఆ ఏడు కాన్పులు దాదాపు నాలుగో వంతు తగ్గాయి! మనవాళ్ళో? పరాభవ అని పేరు పెట్టుకుని కూడా ఉయ్యాలలు ఆపినట్టు ఎక్కడా వినలేదు.

ఇప్పుడు మా బజారుకు రండి. షట్టరు పైన దిష్టి గుమ్మడికాయ, గల్లాపెట్టె మీద బొజ్జ ఊపుకుంటూ లాఫింగ్ బుద్ధ. ఇద్దరికీ డ్యూటీ ఉంది, తగువు లేదు. ఆయన మన గౌతమబుద్ధుడు కాదండోయ్. సంచీ భుజాన వేసుకుని తిరిగిన పదో శతాబ్దపు చైనా సన్యాసి, పేరు బుదాయ్. ఆయన్ని మనకు మనం కొనుక్కోకూడదట, ఎవరైనా ఇస్తేనే కలిసొస్తుందట. నాకింతవరకూ ఒక్కరూ ఇవ్వలేదు. ఊరికే చెబుతున్నా. టీవీ పక్కన చోటైతే ఉంది.