నదికి సంరక్షకులెవరు?

న్యూజిలాండ్‌లో వాంగనుయి నది వెంట పిపిరికి దాకా సాగే కొండదారిలో అతేనె, కొరినితి, రానానా, హిరుహరామా అనే చిన్న ఊళ్లు ఎదురవుతాయి. ఏథెన్స్, కొరింథు, లండన్, జెరూసలేంలకు మావోరీ ఉచ్చారణలివి. పెట్టినవాడు మిషనరీ రిచర్డ్ టేలర్. ఊళ్ల పేర్లు మారినా నదిపై హక్కును మావోరీ తెగలు వదులుకోలేదు. తరాల పోరాటం తరువాత, 2017 మార్చిలో, పార్లమెంటు ఆ నదిని చట్టబద్ధమైన వ్యక్తిగా గుర్తించింది. దాని తరఫున మాట్లాడేవారు ఇద్దరు: ఒకరిని ప్రభుత్వం, మరొకరిని తెగలు ప్రతిపాదిస్తాయి.

అదే నెలలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలకూ ఆ హోదానిచ్చింది. సంరక్షకులు మాత్రం రాష్ట్ర ప్రధాన కార్యదర్శి, అడ్వొకేట్ జనరల్, నమామి గంగే డైరెక్టర్. ఒడ్డున బతికే రైతుకూ పడవవాడికీ అందులో చోటు లేదు. నా అభ్యంతరమంతా అక్కడే. ఆ తీర్పుపై సుప్రీంకోర్టుకు వెళ్లింది కూడా రాష్ట్ర ప్రభుత్వమే. జూలైలో స్టే వచ్చింది. వరదలో నష్టపోయినవారు ప్రధాన కార్యదర్శిపై దావా వేస్తే ఎలాగన్నది ప్రభుత్వ వాదనల్లో ఒకటి.