శోధనకు సిద్ధమైన జవాబు

4వ శతాబ్దంలో కాన్‌స్టాంటినోపుల్‌లో డీకనుగా ఉన్న ఎవాగ్రియస్ ఒక వివాహితపై మనసుపడి, తనకు తానే భయపడి, నగరం విడిచాడు. జెరూసలేము మీదుగా ఈజిప్టు ఎడారి చేరాడు. నగరం వెనుకబడింది, తలంపులు వెనుకబడలేదు. మధ్యాహ్నవేళ సూర్యుడు నిలిచిపోయినట్లుంటుంది, కుటీరం విడిచిపొమ్మని మనసు పోరుతుంది. ఆ ఘడియలో గ్రంథం తెరచి వెదికే వ్యవధి ఎక్కడిది?

అరణ్యంలో సాతానుకు ద్వితీయోపదేశకాండపు మాటలతోనే బదులిచ్చిన క్రీస్తు ఆయనకు ఆదర్శం. తిండిపోతుతనం మొదలు గర్వం వరకు ఎనిమిది దుష్టతలంపులకు ఎనిమిది భాగాలుగా, దాదాపు 500 లేఖన వాక్యాలు కూర్చాడు. తలంపు పొడసూపగానే సన్యాసి తగిన వాక్యంతో ఎదురుపలకాలి. కోపానికి చెప్పే జవాబు విసుగుకు పనికిరాదు. ఆయన సూక్ష్మదృష్టి అక్కడే ఉన్నది.

399లో ఆయన కన్నుమూశాడు. గ్రీకు మూలం నశించింది. సిరియాక్, ఆర్మేనియన్ అనువాదాలే ఆ గ్రంథాన్ని నిలబెట్టాయి. అనువాదకులకిది గర్వకారణమే, ఆ పట్టికలో గర్వం ఎనిమిదవదైనా!