పొరల పేర్లు

పూర్వము భవనమునకు నక్షా గీయువారు పలుచని ట్రేసింగు కాగితములను ఒకదానిపై నొకటి పరచి, గోడలొకదానిపై, విద్యుత్తీగలు వేరొకదానిపై గీయుచుండిరి. 1982లో ఆటోక్యాడ్ వెలువడెను. పిదప ఆ కాగితములే కంప్యూటరులో 'లేయర్లు' అనబడు పొరలైనవి. పొరను మూసినచో అందలి గీతలన్నియు కనుమరుగగును. తెరచినచో మరల కనబడును. ఎంత సౌకర్యము!

చిక్కంతయు పేర్లలో వచ్చినది. ఒక కార్యాలయమున ఒకడు తన పొరకు 'గోడ' యని, వేరొకడు తన పేరే, మూడవవాడు, సోమరితనముచేత కాబోలు, 'ఒకటి' యని పెట్టిరి. ఒకనాడు కుర్చీలు, బల్లలు తప్ప అందేమియు లేవని తలచి ఆ 'ఒకటి'ని మూసి నక్షాను ముద్రించిరి. రెండు స్తంభములును ఆ పొరలోనే యుండెను. మేస్త్రీ కాగితము చూచి పునాదులకు ముగ్గు పోయించెను. వృద్ధుడైన డ్రాఫ్టుమన్ పాత ప్రతితో సరిచూచి, గోతులు త్రవ్వకమునుపే పని నాపించెను.

ఇట్టి గజిబిజిని తొలగించుటకు 1990లో అమెరికా వాస్తుశిల్పుల సంస్థ పొరల పేర్లకు ఒక పద్ధతిని ప్రకటించినది. వాస్తుశిల్పమునకు 'ఎ', కట్టడపు బలమునకు సంబంధించినదానికి 'ఎస్', విద్యుత్తునకు 'ఇ' మొదటి అక్షరములు. గోడల పొర 'ఎ-వాల్'. మరునాడే ఆ కార్యాలయమున అట్టి పట్టిక గోడకు వ్రేలాడెను. పొరకు తన పేరు పెట్టుకొన్నవాడు మాత్రము నెలదినములు మొగము ముడుచుకొని యుండెను.