గోదావరి అవతలి ఊరు

కరీంనగరంనుంచి మంచిర్యాలకు పెద్దపల్లి మీదుగా దగ్గర దారి ఉన్నది. జగిత్యాల, ధర్మపురి, లక్సెట్టిపేట చుట్టి పోయేవాళ్ళు అరుదు. మొన్న మా అమ్మను చూడటానికి బయల్దేరిన నేను కావాలనే ఆ చుట్టుదారి పట్టాను. దానికి కారణం నా సంచిలో ఉన్న ఒక నవల.

అది శ్రీమతి హారియెట్ బీచర్ స్టో రాసిన 'అంకుల్ టామ్స్ కేబిన్'. కాలేజీలో పాఠం కోసం మళ్ళీ చదవడం మొదలుపెట్టాను. సీరియల్ కోసం వారం వారం ఎదురుచూసే మీకు ఒక సంగతి చెప్పాలి. ఆ నవల కూడా మొదట వారపత్రికలో సీరియల్‌గానే వచ్చింది, 1851 జూన్ నుంచి 1852 ఏప్రిల్ వరకు. పుస్తకంగా వెలువడిన మొదటి ఏడాదిలోనే అమెరికాలో మూడు లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. ఆనాటి పాఠకులకు అది కళ్ళెదుటి కథ. మనకిప్పుడు చరిత్ర.

బస్సుకు ఇంకా వేళ కాలేదని వెస్లీ చర్చి దాకా నడిచాను. ఊళ్ళో అందరూ ఆ పేరు పలికేవారే గాని, ఆ వెస్లీ ఎవరని అడిగితే చెప్పేవారు తక్కువ. మెథడిస్టు సంఘానికి మూలపురుషుడైన ఈ ఇంగ్లీషు బోధకుడు 1774 లోనే బానిసత్వాన్ని ఖండిస్తూ చిన్న పుస్తకం రాశాడు. 1791 ఫిబ్రవరి 24న, మరణానికి ఆరు రోజుల ముందు, ఎనభై ఏడేళ్ళ వయస్సులో మరొక ఉత్తరం రాశాడు. పార్లమెంటులో బానిస వ్యాపారంమీద పోరాడుతున్న విల్బర్‌ఫోర్సుకు ధైర్యం చెప్పే ఉత్తరం అది. ఆ వ్యాపారాన్ని బ్రిటన్ 1807లో నిషేధించింది. బానిసత్వాన్నే రద్దుచేసే చట్టం 1833లో చేసింది. కాని కంపెనీ ఏలుబడిలోని మన దేశానికి అది వర్తించలేదు. ఇక్కడికి 1843లో వేరే చట్టం వచ్చింది. నిజాం రాజ్యం ఆ రెండింటికీ వెలుపలే ఉండిపోయింది.

బస్సు కొండగట్టు దాటేసరికి పక్కసీటు పెద్దమనిషి, "ఏం పుస్తకం సారూ?" అని అడిగాడు. టామ్ కథ చెప్పాను. టామ్ యజమాని మంచివాడే. అయితే అప్పులపాలై, ఆ బాకీ తీర్చడానికి నమ్మిన బంటును అమ్మేస్తాడు.

ఆయన నవ్వాడు. "గంత దూరం పోవుడెందుకు సారూ! మా నాయిన లగ్గానికి దొర దగ్గెర పైసలు తెచ్చిండు. గాయిన సచ్చినంక మా అన్న జీతమున్నడు. బాకి మాత్రం గట్లనే ఉన్నది" అన్నాడు.

తేడా ఆ ముక్కలోనే ఉన్నది. అక్కడ యజమాని అప్పుకు బానిస అమ్ముడుపోయాడు. ఇక్కడ తన అప్పుకు తానే కట్టుబడ్డాడు. సంతలో వేలంపాట లేదు, కాళ్ళకు సంకెళ్ళు లేవు. వాటికి బదులు దొరగారి పద్దుపుస్తకం ఉన్నది. దానినే భగేలా అన్నారు. వెట్టి మరొకటి. చాకలి, మంగలి, కుమ్మరి, గొల్ల, ఒక్కొక్క కులం గడీకి, తనిఖీకి వచ్చిన అధికారికి కూలి లేకుండా చాకిరీ చెయ్యాలి. నిజాం ప్రభుత్వం 1936లో భగేలా ఒప్పందాలకు హద్దులు పెడుతూ చట్టం చేసింది. 1949లో జాగీర్లు పోయాయి. అయినా వెట్టి పోవాలని 1978 సెప్టెంబరు 7న ఇదే జగిత్యాలలో వేలాది రైతుకూలీలు ఊరేగింపు తీయవలసివచ్చింది. ఆ ఊరేగింపును ఈనాటికీ జైత్రయాత్ర అని చెప్పుకుంటారు.

ధర్మపురిలో దిగాను. ధర్మపురికి పోయినవారికి యమపురి లేదని సామెత. నరసింహస్వామి దర్శనం చేసుకుని గోదావరి ఒడ్డున కూర్చున్నాను. చుట్టుదారి పట్టింది ఈ ఒడ్డు కోసమే.

మా అమ్మమ్మ పెళ్ళిలో నగలతో, పశువులతో పాటు ఒక చిన్నపిల్ల కూడా అరణంగా వచ్చింది. అట్లా పెళ్ళికూతురి వెంట పంపే పిల్లను మా వైపు ఆడబాప అంటారు. దాశరథి రంగాచార్యులుగారి 'చిల్లర దేవుళ్ళు' చదివినవారికి, 1988లో నర్సింగరావుగారు తీసిన 'దాసి' చూసినవారికి ఆ గడీల లోపలి సంగతి తెలుసు. నేనెరిగేనాటికి ఆ పిల్ల తలనెరిసిన మనిషి. అందరికీ అవ్వ. నన్ను చంకనెత్తుకుని తిప్పింది. నాకు పదేళ్ళప్పుడు పోయింది.

ఏటేటా జాతరకు మాతోపాటు ఇక్కడికి వచ్చేది. అందరూ గుళ్ళో ఉంటే తాను ఒడ్డున నిలబడి అవతలికి చూసేది.

"ఏం చూస్తున్నవవ్వా?"

"అగో, అవుతల మా ఊరు బిడ్డా."

"పోదాం పా!"

"ఎట్ల పోత? అమ్మగారికి నీళ్ళెవలు కాగవెడ్తరు?"

అప్పుడది నాకు వింతగా తోచలేదు. నీళ్ళు కాచేది అవ్వే గదా అనుకున్నాను.

నవలలో యజమాని కొడుకు జార్జి, నిన్ను విడిపించుకు వస్తానని టామ్‌కు మాట ఇస్తాడు. వచ్చేసరికి టామ్ కొన ఊపిరితో ఉంటాడు. ఆ పుటలు చదివి నేను కళ్ళు తుడుచుకున్నాను. అవ్వకు నేను ఆ మాట కూడా ఇవ్వలేదు. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టంలో భగేలా, జీతం, పాలేరు, వెట్టి అని దేశంలోని కట్టుబానిసత్వాల పేర్లు వరుసగా ఉన్నాయి. వాటిలో ఆడబాప లేదు. ఎందుకుంటుంది? మేమంతా ఆమెను ఇంట్లో మనిషి అనేవాళ్ళం.

మళ్ళీ బస్సెక్కాను. రాయపట్నం దగ్గర వంతెన దాటి పాత ఆదిలాబాదు జిల్లాలోకి వచ్చాం. దాటడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

మంచిర్యాలలో అన్నం తింటూ అమ్మనడిగాను, అవ్వ పేరేమిటని. అమ్మ గరిటె పట్టుకుని చాలాసేపు ఊరుకున్నది.

"మా అమ్మ 'ఏమే' అని పిలిచేది. మేమందరం అవ్వ అన్నాం. పేరుండే ఉంటది రా."

"ఊరు?"

"గోదావరి అవతల అని తెలుసు. ఎవరడిగారు?"

మర్నాడు అదే దారిన తిరిగివచ్చాను. వంతెనకు ఇవతల చెట్లకింద బస్సు కాసేపు ఆగింది. దూరాన పొలాల నడుమ ఒక ఊరు, దాని వెనక మరొక ఊరు కనిపించాయి. దిగి, ఈ ఊరినుంచి పూర్వం ఒక పిల్లను ఎవరింటికైనా అరణం పంపారా అని పెద్దవాళ్ళనడుగుదామనుకుని లేచాను.

ఏ పేరు చెప్పి అడగాలో తోచక మళ్ళీ కూర్చున్నాను.