ఉప్పుగాలి ఊళ్లో వంటింటి ఎస్టిమేటు

కోనసీమలోని అల్లవరంలో వంటిల్లు బాగుచేయించుకోవాలనుకున్నవాళ్లు ముందు అమలాపురం వెళ్లి టైల్స్ చూస్తారు. రంగు కుదిరాక మేస్త్రిని పిలిచి, "మొత్తం ఎంతవుద్దండీ?" అని అడుగుతారు. ఆయన గుమ్మంలో నిలబడి ఒకసారి కలయజూసి ఓ అంకె చెబుతాడు. ఇంటిల్లిపాదీ ఆ అంకెకే సిద్ధపడిపోతారు. నా మటుకు నాకు లెక్క తప్పేది అక్కడేననిపిస్తుంది. టైలు ఖర్చు ఆఖరున రాసుకోవాల్సింది. గోడ లోపల, నేల కింద ఉన్నవాటి ఖర్చు దానికి ముందు రాయాలి. వాటన్నిటికంటే ముందు, ఆ వంటింట్లో రోజూ నిలబడే మనిషికి ఏం కావాలో రాయాలి.

ఓడలరేవు వైపు నుంచి సముద్రపు గాలి తిన్నగా వచ్చి తగిలే నేల ఇది. చాలాచోట్ల బోరు నీళ్లూ ఉప్పగానే ఉంటాయి. పాత గోడలో దాగిన ఇనప గొట్టం, అటక కాంక్రీటులోని ఊచ ఏళ్ల తరబడి ఆ ఉప్పును పీలుస్తూ ఉంటాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఉబ్బి కాంక్రీటును లోపలినుంచి చీలుస్తుంది, పెచ్చులు రాలతాయి. పైన సున్నం వేసి ఉంటే ఏమీ కనపడదు. అందుకే అంకె చెప్పకముందే మేస్త్రి చేత సుత్తితో గోడంతా, అటక అడుగంతా తట్టించాలి. డొల్లగా మోగిన చోటల్లా సుద్దతో గీత గీయించాలి. సింకు కింద రెండు టైల్స్ ఊడదీయించి గొట్టం ఎలా ఉందో, నీళ్లు పోయే వాలు ఎటుందో చూడాలి. ఆ పూట కూలి ఇవ్వడానికి వెనకాడకూడదు. సగం పని అయ్యాక గొట్టాలన్నీ మార్చాల్సి వస్తే పడే భారం ముందు అదెంత!

ఇసుక సంగతీ అంతే. కడలి ఒడ్డున కావలసినంత ఉంది కదా అని తెచ్చుకుంటే గోడకు జీవితాంతం చెమ్మ, తెల్లటి ఉప్పు పూత. గోదావరి మంచినీటి ఇసుకే కావాలి. 2024 జులై నుంచి రాష్ట్రంలో ఇసుక ఉచితమే అయినా, తవ్వకం కూలి, లారీ కిరాయి ఉచితం కావు. వాటిని కాగితం మీద వేసుకోవాలి. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 అయింది కాబట్టి, పక్కింటివాళ్లు అంతకుముందు వేయించుకున్న ఎస్టిమేటు చూసి మన లెక్క కట్టకూడదు.

కొలతలు ఎవరికి వారు వేసుకోగలిగినవే. ఎల్ ఆకారపు గట్టు ఒక గోడ వెంట 10 అడుగులు, రెండో గోడ వెంట 6 అడుగులు, వెడల్పు 2 అడుగులు అనుకుందాం. 16ను రెండుతో హెచ్చవేస్తే 32 చదరపుటడుగులు వస్తాయి. కానీ మూలను రెండుసార్లు లెక్కపెట్టాం. అసలు గ్రానైటు 28 చదరపుటడుగులే. సింకు కోసం కోసేసిన ముక్కకు మాత్రం డబ్బు తగ్గించరు, అది మనం కొన్న రాయే. ముందు అంచు పాలిషు రన్నింగు అడుగుల లెక్కన విడిగా ఉంటుంది. ఈ గట్టుకు అది 12 అడుగులు. టైల్స్ కొలతకు పదో వంతు కలిపి, పెట్టెల్లోకి మార్చి, పైన ఒక పెట్టె ఎక్కువ కొనాలి. రెండేళ్ల తర్వాత ఒకటి పగిలితే అదే బ్యాచి రంగు దొరకదు.

అలమరల దగ్గర నేను గట్టిగా చెప్పేది, కింది అరలకు కడప రాయి వేయించుకోమని. తుప్పు లేదు, చెద లేదు. తలుపులకు ప్లైవుడ్ తప్పదనుకుంటే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ రకం, మడతబందులు 304 స్టీలువి. మామూలు బందులు ఈ గాలికి చూస్తుండగానే తుప్పెక్కి కిర్రుమంటాయి. మాడ్యులర్ వాళ్లు చదరపుటడుగు ధర చెబితే అది తలుపు ముఖానికా, లోపలి పెట్టె మొత్తానికా అని అడిగి రాయించుకోవాలి.

మా వైపు వంటింటికి గట్టు రావడం పాత సంగతేం కాదు. కొబ్బరి డొక్కలు, మట్టలు మండే పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చునే వండేవారు. గ్యాసు వచ్చాక, 1999లో మొదలైన దీపం పథకం పేదిళ్లకూ దాన్ని చేర్చాక, ఆడవాళ్లు నిలబడి వండటం ఊరంతా అలవాటైంది. నిలబడే మనిషికి గట్టు మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందుండాలి. 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ కొత్త ఇళ్లకు వంటగది గీసిన మార్గరెట్ ష్యూటె-లిహోట్స్కీ మొదట కొలిచింది కూడా వండేవాళ్ల నడకనే, పనికి పట్టే సమయాన్నే. ఇక్కడేమో అందరికీ ఒకే 33 అంగుళాలు కట్టేసి పోతున్నారు.

డబ్బు వచ్చే దారీ చూసుకోవాలి. కొబ్బరి మీద ఆధారపడ్డ ఇంట్లో రెండు నెలలకోసారి పడే కాయల దింపే ఆదాయం. అంబాజీపేట మార్కెట్లో వెయ్యి కాయల ధర ఎక్కువున్నప్పుడు వేసుకున్న లెక్క దిగినప్పుడు నిలవదు. తక్కువ ధరకే లెక్కేసుకుని, మేస్త్రికిచ్చే వాయిదాలు దింపులకు సరిపడేలా మాట్లాడుకోవాలి. అనుకోని ఖర్చులకని మొత్తం మీద నూటికి పదిహేను విడిగా ఉంచాలి. పని జరిగే నెలలో పెరట్లో తాత్కాలిక పొయ్యికీ, కర్రీ పాయింటుకీ అయ్యేది అందులోంచి తీయకుండా వేరే పద్దుగా రాయాలి.

ఇంకో ఆదాయం గల్ఫుది. కోనసీమ ఆడవాళ్లు ఎందరో కువైట్‌లో, మస్కట్‌లో వేరేవాళ్ల వంటింట్లో రెక్కలు ముక్కలు చేసుకుని పంపే డబ్బుతో ఇక్కడ వంటిళ్లు లేస్తున్నాయి. వాళ్లకు ఫోన్లో వచ్చేది టైల్స్ ఫొటోలు, డబ్బు పంపమన్న మాట. పంపాల్సింది ఎస్టిమేటు కాగితం. డబ్బు పంపే ఆవిడ మోచేతి ఎత్తెంతో, ఆవకాయ జాడీలు ఏ అరలో చేతికందాలో, చేపలు కడిగే కుళాయి పెరట్లో ఎటువైపు కావాలో అడిగి ఆ కాగితం మీద రాశాకే మేస్త్రికి అడ్వాన్సు ఇవ్వాలి.