పాత పట్టుచీరతో కొత్త సంపాదన

"పాత పట్టుచీరలు కొంటాం" అని వీధిలో కేక వినపడితే ట్రంకుపెట్టె తెరిచే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఆ కొనేవాళ్ళు చీర కట్టుకోవడానికి కొనరు కదండీ! జరీలోని వెండి కోసం కాల్చేస్తారు. నేత, రంగు, అంచు అన్నీ బూడిదే. వాటిలో కొన్నింటినైనా మళ్ళీ ఎవరో కట్టుకునేలా చేసి, నాలుగు రూపాయలు సంపాదించుకోవచ్చని మీకెప్పుడైనా అనిపించిందా?

నాకు అనిపించింది. ఇంటిఖర్చు డబ్బు ముట్టుకోకుండా, చీటీ పాడి తెచ్చిన 15,000 రూపాయలతో మొదలుపెట్టాను. నెలనెలా చీటీ వాయిదా కట్టాలి. అంచేత కొన్న చీర బీరువాలో పడుకుంటే కుదరదు. ఈ పని నేర్పే బడి లేదు, చేసి చూసి నేర్చుకోవలసిందే.

తెలిసినవాళ్ళ ఇళ్ళలో నాలుగు చీరలు, ఒక్కోటి 2,500 చొప్పున తీసుకున్నాను. జరీ కొనేవాళ్ళు ఎంతిస్తారో ముందే కనుక్కుని, అంతకు తగ్గకుండా ఇచ్చాను. నిక్షేపంలా ఉన్న చీరను 300 పెట్టి డ్రైక్లీనింగ్ చేయిస్తే 4,000కి పోయింది. చిన్న చిల్లులున్న చీరకు రఫూకే 900 అయింది. అది 3,600కి అమ్మితే మిగిలింది 200! ఇప్పుడు బాగుచేయించే కూలి లెక్క వేసుకున్నాకే కొనే ధర చెబుతున్నాను.

మిగతా రెండూ ఒళ్ళు చివికినవి, అంచులు మాత్రం ధగధగలాడుతున్నాయి. చీరలుగా రెండు నెలలు చూపించినా ఎవరూ అడగలేదు. అంచులు విడదీయించి, కొత్త పట్టుగుడ్డకు వేయించి ఆడపిల్లల పరికిణీలు కుట్టించాను. సంక్రాంతి ముందు వారంలోనే అన్నీ అయిపోయాయి. ఖర్చులు పోగా చీరకు 700 మిగిలాయి. మొత్తం నాలుగింటి మీద 2,800 అన్నమాట.

మీరు కొనేముందు ఇవి చూసుకోండి. పట్టు ముందుగా పిగిలేది మడతల దగ్గరే. చీర విప్పి వెలుగుకి ఎదురుగా పట్టుకుని, మడత గీతకు అటూ ఇటూ మెల్లగా లాగండి. పోగులు విడిపోతే చీరగా పనికిరాదు, అంచుకే ధర కట్టండి. కొంగు చివర ఊడిన జరీపోగును గోటితో గీకితే తెల్లని వెండి, లోపల ఎర్ర పట్టుదారం కనిపించడం అసలు జరీకి గుర్తు. రాగిరంగు తేలితే వెండి జరీ కాదు. అనుమానమైతే వెండికొట్టులో చూపించండి. తెల్లగుడ్డ తడిపి లోపలి మూల మీద అద్దండి. రంగు అంటితే నీళ్ళలో ముంచకండి.

తెచ్చిన చీరను నీడన ఆరబెట్టి, ఉతికిన పాత నూలుగుడ్డలో చుట్టి పెట్టండి. రెండు మూడు నెలలకోసారి మడత మార్చండి. కలరా ఉండలు, సెంట్లు జరీకి తగలనివ్వద్దు, నల్లబడుతుంది.

అమ్మేటప్పుడు ఎక్కడ రఫూ ఉందో, ఎక్కడ మరక ఉందో మీరే వేలుపెట్టి చూపించండి. ఇంటికెళ్ళాక వాళ్ళే కనిపెడితే మళ్ళీ మీ గడప తొక్కరు. రెండు చీరలతో మొదలుపెట్టండి. అవి అమ్ముడుపోయాకే మూడోదాని మాట!