హనుమంతుడికి ఎంత కార్డు కావాలి?

‘‘ఒరేయ్‌... ఆ చిన్న హనుమంతుడి ఆట ఏమైందిరా?’’

2024 దసరా సెలవుల్లో ఓ పొద్దున, కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని నానమ్మ అడిగిన ప్రశ్న ఇది. ఆవిడకి ఎనభై రెండేళ్లు. నిన్న ఏం కూర తిన్నదీ గుర్తుండదు. పదిహేనేళ్ల కిందటి ఆట మాత్రం గుర్తుంది! మనవడు నవ్వేసి ఊరుకుందామనుకున్నాడు. పక్కనే ఉన్న ఏడేళ్ల కొడుకు వదిలితేగా... ‘‘హనుమంతుడి ఆటా? ఎక్కడుంది నాన్నా? నాకెందుకు చూపించలేదు?’’

అంతే. ఆ సాయంత్రం మల్కాజిగిరిలోని ఆ ఇంట్లో అటక మీదున్న అట్టపెట్టె కిందికి దిగింది.

నాన్న కొన్న నల్ల డబ్బా

పెట్టెలో ఉన్నది ప్లేస్టేషన్‌ 2. 2000 మార్చిలో జపాన్‌లో విడుదలై, ప్రపంచం మొత్తమ్మీద 15 కోట్లకు పైగా అమ్ముడైన ఆటల యంత్రం. 2007లో అతను ఇంటర్‌ మంచి మార్కులతో పాసైనప్పుడు, ఆర్టీసీలో కండక్టరుగా చేస్తున్న నాన్న పండగ అడ్వాన్సు తీసుకుని మరీ కొనిచ్చాడు. ‘‘చదువుకునే పిల్లాడికి ఆ దయ్యప్పెట్టె ఎందుకురా?’’ అంటూ నానమ్మ రెండ్రోజులు కొడుకుతో సరిగా మాట్లాడలేదు.

అలాంటి నానమ్మ 2009లో మాట మార్చేసింది. కారణం ‘హనుమాన్‌: బాయ్‌ వారియర్‌’. హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్‌ తయారుచేస్తే ప్లేస్టేషన్‌ 2 కోసం సోనీ విడుదల చేసిన ఆట అది. అప్పటిదాకా ఆ డబ్బాలో ఆడినవన్నీ విదేశీ కార్లూ, తుపాకులే. ఇంట్లో తెర మీద బాల హనుమంతుడు కనిపించేసరికి ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుంది. ఆ రోజు నుంచీ స్నానం చేయకుండా ఆ డిస్కు ముట్టనిస్తే ఒట్టు! హనుమంతుడికి దెబ్బ తగిలితే ‘‘నీ చేతులు పడిపోనూ, సరిగ్గా ఆడరా’’ అని మనవణ్ని తిట్టేది. డ్యూటీ దిగి వచ్చిన నాన్న చొక్కా కూడా మార్చుకోకుండా తల్లినీ, కొడుకునీ చూస్తూ గుమ్మంలోనే నిలబడిపోయేవాడు.

నాన్న 2016లో పోయాడు. తర్వాత పెళ్లి, ఉద్యోగం, బిడ్డ... నల్ల డబ్బా అటకెక్కింది.

ఇప్పుడు దించి చూస్తే లైటు వెలుగుతోంది కానీ డిస్కు తిరగట్లేదు. వయసు మీదపడి లెన్సు పోయింది. బాగు చేయిద్దామంటే 2013కల్లా ఆ యంత్రం తయారీయే ఆగిపోయింది. ఒకవేళ బాగైనా, ఇంట్లో ఉన్న కొత్త టీవీకి ఎరుపు, పసుపు, తెలుపు పిన్నులు గుచ్చుకునే చోటే లేదు. డిస్కు మాత్రం చెక్కుచెదరలేదు. దాని మీద ఒక్క గీతన్నా పడలేదు మరి... స్నానం చేసి పట్టుకున్నది కదా!

వేషం కట్టే కంప్యూటరు

ఆఫీసులో తోటి ఉద్యోగి ఓ దారి చెప్పాడు... ఎమ్యులేటర్‌. కంప్యూటరును ఆటల యంత్రంలా నటింపజేసే ప్రోగ్రాం అది. ప్లేస్టేషన్‌ 2 వేషం కట్టేదాని పేరు పీసీఎస్‌ఎక్స్‌2. ఉచితంగా దొరుకుతుంది. ఇరవై ఏళ్లకు పైగా ఔత్సాహికులు దాన్ని చెక్కుతూనే ఉన్నారు. 2024 జులైలో 2.0 వచ్చింది.

అయితే యంత్రం మేలుకోగానే చదువుకునే తొలిపాఠం లాంటి ‘బయోస్‌’ ఉంటేనే ఎమ్యులేటర్‌ పనిచేస్తుంది. అది సోనీ సొత్తు. ఊళ్లో అప్పనంగా దొరికే కాపీ వాడటం తప్పు. సొంత యంత్రం నుంచి తీసుకోవడం సరైన పద్ధతి. లెన్సు పోయినా డబ్బా ప్రాణంతోనే ఉంది కాబట్టి, ప్రత్యేకంగా సిద్ధం చేసిన మెమరీ కార్డు, పెన్‌డ్రైవు సాయంతో బయోస్‌ బయటికొచ్చింది. కంప్యూటర్లోని మామూలు డీవీడీ డ్రైవు ఆట డిస్కును చదివేసింది.

టీవీకి కలిపిన కంప్యూటరు ఏమంత కొత్తది కాదు. ఏదో కంపెనీ వదిలించుకుంటే సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. ఇంటెల్‌ నాలుగో తరం ఐ5 ప్రాసెసరు. విడిగా గ్రాఫిక్స్‌ కార్డు లేదు, ప్రాసెసర్లో కలిసి ఉన్నదే. ఆట మొదలైంది. హనుమంతుడొచ్చాడు. పిల్లాడు కేకలు! కానీ ఆ పెద్ద టీవీ మీద బొమ్మ అలుక్కుపోయినట్టు కనిపించింది. ఎమ్యులేటర్‌లో బొమ్మ స్పష్టత పెంచే మీట ఒకటుంది. దాన్ని మూడు రెట్లకు పెంచాడు. బొమ్మ అద్దంలా మారింది కానీ హనుమంతుడు నీళ్లలో నడుస్తున్నట్టు కదలసాగాడు. పాట సాగిలపడింది.

నానమ్మ కళ్లజోడు సవరించుకుని చూసి, ‘‘స్వామికి ఒంట్లో బాగాలేదా ఏంట్రా?’’ అంది.

‘నానమ్మ కోసమా, మీ కోసమా?’

మర్నాడే అతను సికింద్రాబాద్‌ పార్క్‌లేన్‌లోని చెనాయ్‌ ట్రేడ్‌ సెంటర్‌కి వెళ్లాడు. జంటనగరాల్లో కంప్యూటరు విడిభాగాలంటే అందరి కాళ్లూ అటే నడుస్తాయి. ఓ దుకాణంలో అబ్బాయి మూడు ఫ్యాన్లతో రంగురంగుల లైట్లు వెలుగుతున్న కార్డు చూపించాడు. ‘‘సార్‌, ఇది పెడితే పదేళ్ల దాకా వెనక్కి చూడక్కర్లేదు’’ అన్నాడు. ధర 48 వేలు.

అతను దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. బరువుగా, చల్లగా ఉంది. ఇంజినీరింగ్‌ రోజుల్లో దుకాణాల అద్దాల బయటి నుంచి చూసి వెళ్లిపోయిన వస్తువు. జేబులో డబ్బు లేదు కానీ బ్యాంకులో ఉంది... అంతకుముందు నెలే చీటీ పాడితే వచ్చిన 50 వేలు. నానమ్మకి వినికిడి యంత్రాలు కొనాలని విడిగా పెట్టిన సొమ్ము. ‘వచ్చే చీటీకి అవి కొనొచ్చులే. ముందు ఆవిడ అడిగిన ఆట చూపిద్దాం’ అని మనసు లెక్కలు వేయడం మొదలెట్టింది.

‘రేపొచ్చి తీసుకుంటా’ అని దుకాణంలో చెప్పి ఇంటికొచ్చాడు. రాత్రి భోజనాల దగ్గర విషయం కదిపితే భార్య కేకలేయలేదు. పెరుగు వడ్డిస్తూ ఒకటే అడిగింది.

‘‘ఆ కార్డు నానమ్మ కోసమా, మీ కోసమా?’’

అతను జవాబు చెప్పలేకపోయాడు. ఆ పూట పెరుగన్నం సహించలేదు.

చిక్కెక్కడుంది?

నిద్రపట్టక అర్ధరాత్రి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తోటి ఉద్యోగి చెప్పిన పరీక్ష ఒకటి చేసి చూశాడు. స్పష్టతను మూడు రెట్ల నుంచి మళ్లీ ఒక రెట్టుకి తగ్గించాలి. వేగం తిరిగొస్తే లోపం గ్రాఫిక్స్‌ది. అప్పటికీ నత్తనడకే అయితే లోపం ప్రాసెసరుది. అప్పుడు లక్ష రూపాయల కార్డు పెట్టినా దండగే.

తగ్గించాడు. హనుమంతుడు చెంగున గెంతాడు. అంటే ప్రాసెసరు బాగానే ఉంది. కార్డు అవసరమే. కానీ... ఎంత కార్డు?

ఈసారి అదే పార్క్‌లేన్‌లో లైట్లు లేని చోటికి వెళ్లాడు. పాత కార్డులు బాగుచేసి అమ్మే చిన్న కౌంటరు. అక్కడ కూర్చున్న పెద్దాయన సరుకేమీ చూపించలేదు. ఎదురు ప్రశ్నలు వేశాడు. ఏ యంత్రం ఆటలు? టీవీ ఎంత? ప్రాసెసరేంటి? కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్‌ ఎన్ని వాట్లు? అన్నీ విన్నాక నవ్వాడు.

‘‘బాబూ, పౌరాణిక నాటకం చూశావా? పద్యం పాడేది ప్రాసెసరు. రంగులూ, కిరీటం గ్రాఫిక్స్‌ కార్డు. పద్యం రానివాడికి బంగారు కిరీటం పెట్టినా నాటకం ఆడదు. నీ వాడికి పద్యం వచ్చు. గిల్టు కిరీటం చాలు.’’

ఆయన చెప్పిన లెక్క తేలికగానే ఉంది. ప్లేస్టేషన్‌ 2 ప్రాసెసరు వేగం 300 మెగాహెర్ట్జ్‌ లోపే. బొమ్మలు గీసే చిప్పులో ఉన్న మెమరీ 4 ఎంబీ. ఈనాటి ఫోన్ల ముందు అవి ఏపాటి? కానీ ఆ యంత్రానికి తెలిసిన భాష వేరు. ఆ భాషలోని ప్రతి ఆజ్ఞనూ కంప్యూటరు అప్పటికప్పుడు తర్జుమా చేసుకోవాలి. ఆ చాకిరీ ప్రాసెసరుది. అందులోనూ పది మంది కూలీలకన్నా చురుకైన ఇద్దరు ముగ్గురు పనిమంతులే ముఖ్యం. కార్డు పని తర్జుమా అయినదాన్ని తెర మీద గీయడం. స్పష్టత మూడు రెట్లు పెంచితే నిలువుకి మూడు, అడ్డానికి మూడు... మొత్తం తొమ్మిది రెట్ల చుక్కలు గీయాలి. ఆరు రెట్లయితే 36. ఫుల్‌ హెచ్‌డీ టీవీకి మూడు రెట్లు సరిపోతుంది. అంతకుమించి గీసినా ఆ టీవీలో పెద్దగా తేడా తెలియదు. 4కే టీవీ ఉన్నవాళ్లకే ఆరు రెట్ల అవసరం.

ఈపాటి పనికి 2016లో వచ్చిన జీటీఎక్స్‌ 1050 టీఐ, 2019లో వచ్చిన జీటీఎక్స్‌ 1650 లాంటి 4 జీబీ కార్డులు చాలు. పైగా వీటిలో చాలా మోడళ్లకు విడిగా కరెంటు తీగ అక్కర్లేదు. మదర్‌బోర్డు స్లాటు ఇచ్చే 75 వాట్లతోనే నడుస్తాయి. ఆఫీసుల నుంచి వచ్చే పాత కంప్యూటర్లలో ఎస్‌ఎంపీఎస్‌ చిన్నది కాబట్టి ఇది పెద్ద సంగతే. ‘‘నువ్వు చూసొచ్చిన మూడు ఫ్యాన్ల కార్డు నీ డబ్బాలో అసలు పట్టదు. పట్టినా కరెంటు చాలదు’’ అన్నాడాయన. 48 వేలతో పాటు ఇంకెన్ని వేలు ఖర్చయ్యేవో అప్పుడు గానీ అతనికి తట్టలేదు.

‘‘ఆడే యంత్రం మారితే లెక్కా మారుతుంది’’ అని కూడా చెప్పాడు పెద్దాయన. ప్లేస్టేషన్‌ 3 ఎమ్యులేటర్‌కి ప్రాసెసర్లో ఆరుకి పైగా కోర్లుంటే మంచిది. గేమ్‌క్యూబ్‌, వీ ఆటలు ఆడించే డాల్ఫిన్‌లో కొత్త దృశ్యం వచ్చినప్పుడల్లా క్షణం ఆగినట్టయితే అది కార్డు బలహీనతే అనుకోనక్కర్లేదు. ఆ దృశ్యానికి కావలసిన చిన్న ప్రోగ్రాములు అప్పటికప్పుడు తయారవడం వల్లా అలా జరుగుతుంది. దానికి 2017లో వచ్చిన ‘ఉబర్‌షేడర్స్‌’ అమరిక మందు. కొత్త కార్డు కాదు.

పాత కార్డు... కొత్త పాఠాలు

సెకండ్‌హ్యాండ్‌ సరుకు దగ్గర జాగ్రత్తలూ ఉన్నాయి. క్రిప్టో నాణేల వేటలో రాత్రింబవళ్లు మండిన కార్డులు, 2022 సెప్టెంబరులో ఎథీరియం తన పద్ధతి మార్చుకున్నాక కుప్పలుగా పాత బజారుకి వచ్చాయి. అన్నీ చెడ్డవని కాదు. ఫ్యాన్లు అరిగిపోయినవీ, లోపలి సాఫ్ట్‌వేర్‌ మార్చేసినవీ వాటిలో ఉంటాయి. పాత కార్డుకి కొత్త పేరు తగిలించి అమ్మేవాళ్లూ ఉన్నారు. జీపీయూ-జడ్‌ అనే చిన్న ఉచిత ప్రోగ్రాంతో అసలు పేరు బయటపడుతుంది. పెద్దాయన తనే ఆ ప్రోగ్రాం తెరిచి చూపించి, అరగంట సేపు కార్డును పరుగులు పెట్టించి, వేడి ఎంతుందో చూడమన్నాడు. వారం రోజుల మాట గ్యారంటీ.

జీటీఎక్స్‌ 1650... 6,800 రూపాయలు. చీటీ డబ్బు ముట్టుకోలేదు. జీతంలోంచే ఇచ్చాడు.

ఇంటికొచ్చి బిగించి, మూడు రెట్లు పెట్టాడు. వల్కన్‌ ఎంచుకున్నాడు. తెర మూలన కనిపించే అంకె 50 దగ్గర ఆగిపోయింది. ‘అరవై రావాలి కదా, మోసపోయానా?’ అని గుండె గుభేలుమంది. తర్వాత తెలిసింది. మన దేశంలో అమ్మిన డిస్కులు ‘పాల్‌’ పద్ధతివి. వాటి పూర్తి వేగమే 50. అంటే ఆట నూటికి నూరు పాళ్లూ నడుస్తోంది. కార్డు అందులో సగం కూడా కష్టపడట్లేదు!

ఆ వారాంతంలోనే చీటీ డబ్బుతో నానమ్మ చెవులకి యంత్రాలొచ్చాయి. నల్ల డబ్బా మళ్లీ అటకెక్కలేదు. టీవీ కింద, నాన్న ఫొటో పక్కన చోటు దొరికింది.

తర్వాతి ఆదివారం పిల్లాడు తలస్నానం చేసి మరీ ఆటకు కూర్చున్నాడు. తాతమ్మ పెట్టిన షరతు అది. హనుమంతుడు అద్దంలా మెరుస్తూ గెంతుతున్నాడు. డ్యూటీ నుంచి వచ్చిన నాన్న నిలబడినచోటే, అదే గుమ్మంలో, ఇప్పుడు అతను నిలబడ్డాడు. భార్య పక్కకొచ్చి, ‘‘ఇప్పుడు చెప్పండి... ఎవరి కోసం?’’ అంది నవ్వుతూ. అతను చెప్పబోయేలోగా కుర్చీలోంచి నానమ్మ కేకేసింది.

‘‘ఒరేయ్‌, ఆ మోత కాస్త తగ్గించరా. నాకు చెవులు బాగానే వినిపిస్తున్నాయి!’’